ఒరిజినల్ గారి గోత్రనామాలు

"కొంటే కంపెనీదే కొను. అసెంబుల్డ్ జోలికి పోకు." ఇంట్లో కంప్యూటరు కొనాలన్న మాట పుట్టగానే ఈ సలహా ఉచితంగా వచ్చి వాలుతుంది. ఇచ్చేది సాధారణంగా బాబాయి వరసాయన. కొడుకు డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉంటే ఆ సలహాకి ఇంకాస్త బరువు. ఆయన లెక్కలో కంప్యూటర్లు రెండే కులాలు. మొదటిది ఒరిజినల్. దానికి అట్టపెట్టె ఉంటుంది, పెట్టె మీద ముద్ర ఉంటుంది, ముద్ర వెనక మర్యాదస్తుల కంపెనీ ఉంటుంది. రెండోది క్లోన్. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ల బజారులో ఏదో కొట్టులో, స్క్రూడ్రైవర్ పట్టుకున్న కుర్రాడి చేతుల్లో పుట్టిన, తండ్రి పేరు చెప్పుకోలేని సంతానం.

పరువుగల కుటుంబాలు సంబంధం కలుపుకునే ముందు గోత్రం అడుగుతాయి. క్లోన్‌ని అందరూ అడిగారు, నవ్వారు, గుమ్మం బయటే నిలబెట్టారు. ఒరిజినల్ గారిని అడిగే ధైర్యం మాత్రం ఎవరూ చేయలేదు. ఆ అమర్యాదేదో మనం చేద్దాం.

ఇవాళ మనం పీసీ అని పిలిచే జాతికి మూలపురుషుడు ఐబీఎం పీసీ. మోడల్ 5150. 1981 ఆగస్టు 12న లోకానికి చూపించారు. కనీస ధర 1,565 డాలర్లు. ఆ ధరకి 16 కిలోబైట్ల మెమరీ వచ్చేది. తెరా ఫ్లాపీ డ్రైవూ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 'ధరలు ఇక్కడి నుంచి మొదలు' అనే చిన్నక్షరాల కళ ఆనాటికే పండిపోయిందన్నమాట. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నడిపిన చిన్న బృందం ఏడాది ప్రాంతంలో ఈ పని ముగించింది.

చిన్న నిర్ణయానికి కూడా కమిటీల మీద కమిటీలు వేసే ఐబీఎం, ఏడాదిలో ఒక యంత్రాన్ని ఎలా పుట్టించింది? బజారుకి వెళ్ళింది. ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర కొంది. ఫ్లాపీ డ్రైవులు టాండన్ దగ్గర తీసుకుంది. ప్రింటరు ఎప్సన్ వాళ్ళది, దాని మీద ఐబీఎం పేరు అంటించింది. బేసిక్ భాష మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మైక్రోసాఫ్టే ఇచ్చింది, కానీ అదీ మైక్రోసాఫ్ట్ ఇంట్లో పుట్టింది కాదు. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థలో టిమ్ ప్యాటర్సన్ రాసింది. దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. ప్యాటర్సన్ దానికి మొదట పెట్టుకున్న పేరు 'క్విక్ అండ్ డర్టీ ఆపరేటింగ్ సిస్టమ్'. ఆయన దాన్ని డిజిటల్ రీసెర్చ్ వాళ్ళ సీపీఎం వ్యవస్థ పోకడల్లో రాశాడు.

నాలుగు కొట్లు తిరిగి భాగాలు తెచ్చి, ఒక డబ్బాలో బిగించి, పేరు అంటించి, బిల్లు రాసి ఇచ్చేవాడిని సీటీసీలో అసెంబ్లర్ అంటారు. సూటు వేసుకుని అదే పని చేస్తే ఒరిజినల్ మాన్యుఫాక్చరర్ అంటారు. తేడా సూటులో ఉంది.

మరి ఐబీఎం వారి సొంతమేమీ లేదా అంటే, ఉంది. బయాస్. కంప్యూటరు ఆన్ చేయగానే మేల్కొని, మిగతా భాగాలని ఒక్కొక్కటిగా లేపి పనిలో పెట్టే చిన్న ప్రోగ్రాము. ఆ పెట్టెలో ఐబీఎం గట్టిగా కాపీరైటు చెప్పుకోగలిగింది దానికే. దాని పరిమాణం 8 కిలోబైట్లు. ఇవాళ మనం వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ గులాబీ బొమ్మ అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. లోకం నలభై ఏళ్ళకు పైగా మోస్తున్న ఒరిజినాలిటీ పల్లకీలో కూర్చున్న దేవుడి బరువు అది.

పైగా ఆ బయాస్ ప్రోగ్రాముని ఐబీఎం తన టెక్నికల్ రిఫరెన్సు పుస్తకంలో వరస తప్పకుండా అచ్చువేసి అమ్మింది. చదువుకోవచ్చు, కాపీ కొట్టకూడదు. సరే అన్నారు కొందరు. 1982లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుంచి బయటికొచ్చిన ముగ్గురు హ్యూస్టన్‌లో కాంపాక్ పెట్టారు. ఐబీఎం కోడ్ చదివినవాళ్ళు అది ఏమేం చేస్తుందో మాత్రమే రాసిచ్చారు. దాని ముఖం కూడా చూడనివాళ్ళు ఆ వివరణ పట్టుకుని కొత్తగా కోడ్ రాశారు. గీత దాటలేదు, గమ్యం చేరారు. కాంపాక్ పోర్టబుల్ 1983లో బజారులోకి వచ్చింది. బరువు పన్నెండు కిలోల పైమాటే. దాన్ని పోర్టబుల్ అన్నవాడి భుజాలకి దండం పెట్టాలి. మొదటి ఏడాదే 53,000 అమ్ముడుపోయాయి. 1984లో ఫీనిక్స్ అనే సంస్థ అదే పద్ధతిలో బయాస్ రాయించి, అడిగినవాళ్ళందరికీ అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత క్లోన్ తయారుచేయడానికి ప్రతిభ అక్కర్లేకపోయింది. టేబులూ స్క్రూడ్రైవరూ చాలు.

ఇక్కడ బాబాయిగారికి ఒక చేదు వార్త. 1990ల చివర్లో మన ఊళ్ళలో 'బ్రాండెడ్' అని ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపించిన కాంపాక్ ప్రెసారియో గుర్తుందా? అసెంబుల్డ్ కొన్న పక్కింటివాళ్ళని చూసి జాలిపడుతూ, కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా వాడిన ఆ దివ్య యంత్రం? దాన్ని చేసింది ఈ క్లోనుల ఆదిగురువే. మరి డెల్? 1984లో మైకేల్ డెల్ టెక్సాస్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో పీసీలకి అదనపు భాగాలు బిగించి అమ్మిన కుర్రాడు. ఆ తర్వాత సొంత క్లోన్లు చేశాడు. అప్పటి ఆయన గది మన సీటీసీ కొట్టు కన్నా విశాలంగా ఉండి ఉండదు. హెచ్‌పీ, ఏసర్, ఏసూస్ ఎవర్ని అడిగినా గోత్రం ఒకటే, క్లోన్. అందువల్ల 'క్లోన్ వద్దు, కంపెనీదే కొను' అనే సలహాకి అసలు అర్థం, 'చిన్న క్లోన్ వద్దు, పెద్ద క్లోన్ కొను' అని.

మరి వంశకర్త ఏమయ్యాడు? ఐబీఎంకి కోపం వచ్చింది. 1987 ఏప్రిల్‌లో పీఎస్/2 అనే కొత్త వరస తెచ్చింది. దాంట్లో విడిభాగాలు గుచ్చుకోవడానికి మైక్రో ఛానెల్ అనే కొత్త దారి వేసి తలుపుకి తాళం పెట్టింది. లోపలికి రావాలంటే రాయల్టీ కట్టాలి. క్లోన్ కంపెనీలు తొమ్మిది ఒక్కటై 1988లో వేరే దారి వేసుకున్నాయి. ఐబీఎం తాళం వేసిన తలుపు ముందు ఐబీఎమ్మే మిగిలింది. 2005లో పీసీ వ్యాపారం మొత్తాన్ని చైనాకి చెందిన లెనోవోకి అమ్మేసి చేతులు కడుక్కుంది. అంత ఆర్భాటంగా వచ్చిన పీఎస్/2 నుంచి మన ఇళ్ళదాకా వచ్చినవాటిలో ఒకటి గుర్తుచేసుకోండి. క్లోన్ డబ్బాల వెనక ఊదా, పచ్చ రంగుల్లో కీబోర్డు, మౌస్ గుచ్చుకునే ఆ రెండు గుండ్రటి రంధ్రాలు. క్లోన్లని తొక్కేయడానికి పుట్టిన యంత్రం జ్ఞాపకాన్ని ఏళ్ళ తరబడి మోసినవి క్లోన్లే.

ఐబీఎంతో మనకి పాత చుట్టరికం ఒకటుంది. అదీ చెప్పుకోకపోతే బాగుండదు. 1960లలో, 70లలో ఐబీఎం మన దేశంలో వ్యాపారం చేసింది. అమెరికాలో వాడి పక్కన పెట్టిన 1401 యంత్రాలని బొంబాయిలో బాగుచేసి మన సంస్థలకి అద్దెకిచ్చేది. కంపెనీదే కొనాలని పట్టుబట్టినా కుదరదు, ఎందుకంటే వాళ్ళు అమ్మితే కదా. ఒరిజినల్ ముద్ర, సెకండ్ హ్యాండ్ సరుకు, నెలనెలా అద్దె. 1973 విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం ఇక్కడి కంపెనీలో విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమంటే, వాటా వదలడం కన్నా దేశం వదలడం మేలనుకుని 1978లో వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిన ఖాళీలోనే హెచ్‌సీఎల్, విప్రో లాంటివి కంప్యూటర్లు చేసి ఎదిగాయి. అంతకు చాలా ముందే, 1969లోనే, హైదరాబాదు ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటరుని తయారుచేసింది. ఒరిజినల్ గారు అలిగి వెళ్తే ఆకాశం ఊడిపడలేదు.

తర్వాత మన మధ్యతరగతి ఇళ్ళలోకి కంప్యూటరు వచ్చింది ఏ దారిన? కంపెనీ షోరూమ్ దారిన కొద్దిమందికి, సీటీసీ మెట్ల మీదుగా చాలామందికి. ఈ నెల బోనస్‌తో డబ్బా, వచ్చే సంక్రాంతికి ర్యామ్, పిల్లాడికి ఎంసెట్‌లో ర్యాంకొస్తే గ్రాఫిక్స్ కార్డు. జీతం వచ్చినకొద్దీ పెరిగే కంప్యూటరుని మధ్యతరగతికి ఇచ్చింది క్లోనే. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో బల్లల కింద రొద చేస్తూ వేడెక్కిన సీపీయూల్లో ఎన్నిటికి కంపెనీ ముద్ర ఉండేదో, అక్కడ జావా, ఒరాకిల్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్ళని అడగండి. బాబాయిగారి అబ్బాయినే అడగండి. క్లోన్ మీద నేర్చుకున్న చదువుతో డాలస్‌లో ఉద్యోగం సంపాదించి, అక్కణ్ణుంచి 'ఒరిజినలే కొనండి నాన్నా' అని వీడియో కాల్‌లో చెప్పే బిడ్డలు మనకి కరువు కాదు.

ఒరిజినల్ భక్తిలో ఇంకా నిష్ఠాగరిష్ఠమైన శాఖ ఒకటుంది. దాని దేవుడు సగం కొరికిన ఆపిల్. ఈ శాఖలో క్లోన్ అన్న మాట ఎత్తితేనే మైల. అయితే ఆపిల్‌కి ఆ కోపం ఊరికే రాలేదు. 1982లో ఫ్రాంక్లిన్ అనే కంపెనీ ఏస్ 100 అనే యంత్రం అమ్మింది. ఆపిల్ వారి ఆపిల్ టూ కంప్యూటరు ప్రోగ్రాములని ఎత్తి యథాతథంగా అందులో పెట్టేసింది. ఎంత యథాతథంగా అంటే ఆపిల్‌సాఫ్ట్ అన్న పేరూ, ఆపిల్ ప్రోగ్రామర్ ఒకాయన పేరూ కూడా ఫ్రాంక్లిన్ కోడ్‌లో అలాగే ఉండిపోయాయి. పక్కవాడి పేపరు చూసి రాస్తూ వాడి హాల్ టికెట్ నంబరు కూడా ఎక్కించేసిన విద్యార్థి అన్నమాట. దొరికాక ఫ్రాంక్లిన్ కాపీ కొట్టలేదని అనలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాపీరైటే లేదు పొమ్మంది. 1983లో అమెరికా అప్పీలు కోర్టు ఉందని తేల్చింది. సబబే. కాంపాక్ పద్ధతికీ ఫ్రాంక్లిన్ పద్ధతికీ మధ్య ఉన్న గీత చిన్నదేమీ కాదు. క్లోన్ వీరులు దాన్ని తొక్కేసి 'అందరం క్లోనులమే' అంటే ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను.

కానీ ఆపిల్ తన చేత్తో పిలిచి పీట వేసిన క్లోన్ల కథ వేరు. 1990ల మధ్యలో ఆపిలే లైసెన్సులిచ్చి మ్యాక్ క్లోన్లు చేయించింది. పవర్ కంప్యూటింగ్ అనే సంస్థ 1995లో వాటిని అమ్మడం మొదలుపెట్టింది. క్లోన్లు బజారుని పెంచుతాయని ఆపిల్ ఆశ. అవి వేగంగా, చవగ్గా ఉండేసరికి ఆపిల్ ఖాతాదారులే అటు నడిచారు. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చే వేళకి కంపెనీ ప్రాణం మీదికి వచ్చింది నిజమే, ఆ ఏడాది నష్టం సుమారు వంద కోట్ల డాలర్లు. అప్పుడు వేసిన ఎత్తు చూడండి. పాత లైసెన్సులు సిస్టమ్ 7 వరసకి రాసుకున్నవి. తర్వాతది 7.7గా రావలసింది. దానికి మ్యాక్ ఓఎస్ 8 అని పేరు పెట్టారు. అంకె మారింది, అగ్రిమెంటు గాలికి పోయింది. పవర్ కంప్యూటింగ్ మ్యాక్ వ్యాపారాన్ని 10 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొని కట్టేశారు. ముహూర్తం కలవకపోతే పంచాంగమే మార్చేయడం మనకి తెలియని విద్యేం కాదు కానీ, ఇంత శుభ్రంగా చేయడం మాత్రం వాళ్ళకే చెల్లింది.

తర్వాత 2008లో మయామీలో సైస్టార్ అనే సంస్థ లేచింది. లైసెన్సు గీసెన్సు ఏమీ లేకుండా, మామూలు పీసీ మీద మ్యాక్ ఓఎస్ ఎక్కించి 399 డాలర్ల నుంచి అమ్ముతానంది. ఆపిల్ కోర్టుకెళ్ళింది, 2009లో గెలిచింది, 2011లో అప్పీలులోనూ ఆ తీర్పే నిలిచింది. ఆ రోజుల్లో మ్యాక్ ఓఎస్ లైసెన్సులో ఒక షరతు ఉండేది. ఈ సాఫ్ట్‌వేర్‌ని ఆపిల్ లేబుల్ ఉన్న కంప్యూటరు మీదే వాడాలి అని. ఆపిల్ తన పెట్టెల్లో స్టిక్కర్లు ఉచితంగా పెట్టేది కదా, దాన్ని డబ్బాకి అంటిస్తే లేబుల్ ఉన్నట్టే కదా అని మామూలు పీసీల మీద మ్యాక్ ఓఎస్ ఎక్కించుకునే హ్యాకింటాష్ కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. తర్వాతి లైసెన్సులో 'లేబుల్' పోయి 'బ్రాండ్' వచ్చింది. నవ్వు ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందని అర్థం.

సైస్టార్‌ని వెనకేసుకొచ్చేవాళ్ళకి నా దగ్గర ఓదార్పు లేదు. అందరికీ తెరిచిన కంప్యూటరు అని పేరు పెట్టుకుని, ఇంకొకరి తాళంచెవితో వ్యాపారం చేయడం స్వాతంత్ర్య సమరమేమీ కాదు. మన ఊరి క్లోన్ వీరులకీ అదే మాట. దొంగ విండోస్ ఎక్కించి 'సాఫ్ట్‌వేర్ ఫ్రీ సార్' అనడం, బిల్లు అడిగితే 'బిల్లయితే జీఎస్టీ పడుద్ది' అని బెదిరించడం, 450 వాట్లని రాసున్న, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ అందులో సగానికే పొగలు కక్కడం, వారంటీ గురించి అడిగితే 'నేనున్నా కదన్నా' అని గుండె మీద చెయ్యేసుకోవడం, ఆరు నెలలకి ఆ కొట్టు చోట మొబైల్ కవర్ల కొట్టు వెలవడం. ఇవన్నీ ఒరిజినల్ భక్తులని తయారుచేసే కర్మాగారాలు. క్లోన్‌కి అసలు శత్రువు ఐబీఎమ్మూ కాదు, ఆపిలూ కాదు. బిల్లు రాయని అన్న.

అయినా ఒరిజినల్ వారంటీ పత్రం కూడా ఒకసారి చదవండి. నీళ్ళు పడితే వర్తించదు, కింద పడితే వర్తించదు, కరెంటు ఎక్కువైతే వర్తించదు. మన దేశంలో కంప్యూటరుకి జరిగే ప్రమాదాలన్నీ ఒక జాబితాగా రాసి కింద 'వర్తించదు' అని సంతకం పెట్టారు. మిగిలిన ప్రమాదం ఏదైనా ఉంటే దానికి వర్తిస్తుంది. బిల్లుతో కొన్న అసెంబుల్డ్‌లో ప్రాసెసరుకి, మదర్‌బోర్డుకి, ఎస్‌ఎస్‌డీకి దేని వారంటీ దానికే ఉంటుంది. ప్రాసెసరుకైతే మామూలుగా మూడేళ్ళు. పాడైన భాగమే మారుతుంది, మిగతా పెట్టె ఇంట్లోనే ఉంటుంది.

ఇక ఒరిజినల్ చేతికి చిక్కాక మనకి దొరికే భోగం చూద్దాం. 2024 దాకా మ్యాక్‌బుక్ ఎయిర్ 8 గిగాబైట్ల మెమరీతో మొదలయ్యేది. ఇంకో 8 కావాలంటే మన దేశంలో 20,000 రూపాయలు. మెమరీని ప్రాసెసరు పక్కనే అంటించడం వల్ల వేగం పెరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది. అది అబద్ధం కాదు. మెమరీని టంకం వేసి బిగించండి, వద్దనను. ధరని కూడా టంకం వేసి బిగించడమెందుకు? కొనే రోజే రాబోయే ఐదేళ్ళ అవసరం జాతకం చూసినట్టు చెప్పాలి. తప్పితే ర్యామ్ మారదు, కంప్యూటరే మారాలి.

ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది హెచ్‌పీ. 1988లో ఐబీఎం తాళం మీద తిరగబడిన తొమ్మిదిమందిలో హెచ్‌పీ ఒకరు. 2016 సెప్టెంబరులో అదే హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఒకనాడు పొద్దున్నే లేచి, బయటివాళ్ళు చేసిన ఇంకు కార్ట్రిడ్జిలని మేం ముట్టం అన్నాయి. ముందే లోపల పెట్టిన సాఫ్ట్‌వేర్ మడి కట్టుకుందన్నమాట. జనం తిట్టాక కంపెనీ క్షమాపణ చెప్పి, మడి విప్పే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. క్లోన్ చేసి ఏరు దాటినవాడే తెప్ప తగలేస్తున్నాడు. ఒరిజినల్ అనేది పుట్టుకతో వచ్చేది కాదు. నిన్నటి క్లోన్ బాగా సంపాదించి, రేపటి క్లోన్ మొహాన తలుపు వేసే రోజున పుచ్చుకునే బిరుదు అది.

అందుచేత కంపెనీది కొనాలా, క్లోన్ కొనాలా అని నన్ను అడగకండి. రిపేరు తలనొప్పి వద్దనుకునేవాళ్ళు కంపెనీ ల్యాప్‌టాప్ కొనుక్కోండి, సుఖంగా ఉండండి. అది సౌకర్యం. దాన్ని శీలం అనుకుని అసెంబుల్డ్ కొన్నవాణ్ణి దొంగని చూసినట్టు చూడకండి. కొట్టుకి వెళ్ళినప్పుడు ముద్ర ఎవరిదని కాక, నాలుగు ప్రశ్నలు అడగండి. మూత నేను తీయొచ్చా? ర్యామ్, డిస్కు నేను మార్చుకోవచ్చా? విడిభాగం ఎవరి దగ్గరైనా దొరుకుతుందా, నీ దగ్గరేనా? మా వీధి మెకానిక్ చెయ్యి పెడితే నీ వారంటీ చచ్చిపోతుందా? జవాబులు బాగుంటే గోత్రం ఏదైనా ఇంటికి తెచ్చుకోండి.

జవాబులు బాగోకపోతే, కొన్నాక కూడా పెత్తనం అమ్మినవాడిదే అని తేలితే, బిల్లు మీద 'అమ్మకం' కొట్టేసి 'అద్దె' అని రాయమనండి. కట్టిన మొత్తం అడ్వాన్సు కిందే లెక్క కాబట్టి, ఖాళీ చేసే రోజున అందులో ఎంత తిరిగిస్తారో కూడా కాగితం మీద పెట్టమనండి.